నార్వే న్యాయచరిత్రకారుడి జీవితాన్ని తెలుగులో రాయడం ఎలా

తెలుగు వికీపీడియాకో, ఒక పత్రికకో విదేశీ పండితుల జీవిత పరిచయాలు రాసేవారికి నార్వే దేశపు న్యాయశాస్త్ర ఆచార్యుడి పేరు ఎదురైతే, సాధారణంగా చేతికి మొదట దొరికేది నాలుగైదు వాక్యాల ఆంగ్ల వ్యాసం మాత్రమే. ఫలానా ఏడాది పుట్టారు, ఫలానా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు, ఈ పుస్తకాలు రాశారు, ఫలానా ఏడాది మరణించారు అని అందులో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే తేదీలు తప్పు కాకపోవచ్చు గాని, ఆ మనిషి ఎందుకు గుర్తుంచుకోదగినవాడో చదివేవారికి అందదు. న్యాయచరిత్రకారుడి జీవితం ప్రధానంగా ఆయన ఏ పాత చట్టాన్ని చేతిలోకి తీసుకున్నారు, తీసుకుని దాన్ని ఏం చేశారు అన్నదానిలో ఉంటుంది. పరిష్కరించి అచ్చువేశారా, నేటి భాషలోకి అనువదించారా, విద్యార్థులకు పాఠంగా మలిచారా, లేక దాని ఆధారంగా ఒక కొత్త వాదం చేశారా అన్నది తేల్చుకున్న తరువాతే వ్యాసం మొదలుపెట్టాలి. ఆ పద్ధతిని అబ్సలోన్ తరాంగర్ (1858–1930) అనే నార్వే న్యాయచరిత్రకారుడిని ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను. అవసరమైన చోట మరికొందరు పండితుల ప్రస్తావన కూడా వస్తుంది.

ముందు చట్టాల వరుస

వ్యక్తి గురించి చదవడానికి ముందే నార్వే చట్టాల వరుస ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. మధ్యయుగాల్లో నార్వేకు ఒకే చట్టం లేదు. పడమటి తీరంలో గూలటింగ్, ట్రోండెలాగ్ ప్రాంతంలో ఫ్రోస్టటింగ్, మియోసా సరస్సు చుట్టుపక్కల ఐద్‌సివటింగ్, ఓస్లో అఖాతం ప్రాంతంలో బోర్గర్‌టింగ్ అని నాలుగు సభలు ఉండేవి. ఒక్కో సభ పరిధిలో ఒక్కో చట్టం నడిచేది. టింగ్ అంటే చట్టం చెప్పడానికీ, తగవులు తీర్చడానికీ జనం కూడే సభ. నేటి నార్వే పార్లమెంటు పేరైన స్టోర్టింగ్‌లో ఉన్నది కూడా ఆ మాటే. దాని అర్థం మహాసభ.

1263 నుంచి 1280 వరకు పాలించిన ఆరవ మాగ్నుస్ రాజు ఈ ప్రాంతీయ చట్టాలను సరిచేసి, దేశమంతటికీ ఒకే చట్టసంహితను తయారుచేయించాడు. 1274లో ఫ్రోస్టటింగ్ దాన్ని ఆమోదించింది. 1276 నాటికి మిగిలిన సభలు కూడా ఆమోదించాయి. నార్వేజియన్లు దాన్ని లాన్స్‌లోవ్, అంటే దేశచట్టం అంటారు. ఆ రాజుకు లాగబోటె, అంటే చట్టాన్ని బాగుచేసినవాడు అనే బిరుదు దీనివల్లే వచ్చింది. ఈ సంహిత నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచింది. 2024లో నార్వే దాని 750వ సంవత్సరాన్ని జరుపుకుంది.

ఆ తరువాత గుర్తుంచుకోవలసిన ఏడాది 1604. నార్వే 1380 నుంచి డెన్మార్క్‌తో ఒకే రాజు కిందికి వచ్చింది. పాలన భాష క్రమంగా డేనిష్ అయింది. పదహారో శతాబ్దం నాటికి తీర్పు చెప్పవలసిన అధికారులకే, మధ్యయుగ నార్వే భాష అయిన పాత నోర్స్‌లోని సొంత చట్టం సరిగా అర్థంకాని స్థితి వచ్చింది. అందుకే నాలుగవ క్రిస్టియన్ రాజు 1604లో ఆ పాత సంహితకు డేనిష్ రూపాన్ని చట్టంగా ప్రకటించాడు. చివరికి 1687లో ఐదవ క్రిస్టియన్ పేరిట వచ్చిన నార్వే చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. ఒక దేశపు న్యాయాధికారులు తమ చట్టాన్ని తామే చదువుకోలేని స్థితికి చేరడం ఎంత పెద్ద విషయమో రచయిత మనసుకు పట్టించుకుంటేనే, మూడు వందల ఏళ్ల తరువాత ఒక ఆచార్యుడు అదే చట్టాన్ని మళ్లీ నార్వేజియన్‌లోకి తేవడానికి ఎందుకు పూనుకున్నాడో చదువరికి చెప్పగలుగుతాడు.

1814 మే 17న ఐడ్స్‌వోల్‌లో నార్వే తన రాజ్యాంగాన్ని ఆమోదించుకుంది. అదే ఏడాది స్వీడన్‌తో కలిసి ఒకే రాజు కిందికి వెళ్లింది. ఆ బంధం 1905 వరకు సాగింది. కొత్తగా నిలబడుతున్న దేశానికి తన పాత చట్టాలు తన సొంత గతానికి సాక్ష్యాలయ్యాయి. చరిత్రకారులు రుడోల్ఫ్ కైసర్, పీటర్ అండ్రెయాస్ ముంక్ కలిసి 1387 వరకు గల నార్వే పాత చట్టాలను పరిష్కరించి, ప్రభుత్వ ఏర్పాటుతో 1846 నుంచి 1849 వరకు మూడు సంపుటాలుగా వెలువరించారు. నాలుగో సంపుటం 1885లోనూ, పదకోశంతో కూడిన ఐదో సంపుటం 1895లోనూ వచ్చాయి. ఆ పదకోశం ఎబ్బె హెర్ట్స్‌బెర్గ్ శ్రమ. తరువాత 1388 నుంచి 1604 వరకు గల చట్టాలకు రెండో శ్రేణి మొదలైంది. దాని తొలి సంపుటాల సంపాదకత్వంలో తరాంగర్ పాలుపంచుకున్నారు.

ఈ ఏళ్లు ఎక్కడినుంచో ఊడిపడినవి కావు. 1387లో ఓలావ్ రాజు మరణంతో నార్వే సొంత రాజవంశం ముగిసింది. 1604లో పాత సంహిత డేనిష్ రూపం దాల్చింది. శ్రేణుల పేర్లలోని తేదీలను ఇలా విప్పి చెప్పే ఒక్క వాక్యం, ఆచార్యుడి పదవుల జాబితా కంటే చదువరికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఊరు, విశ్వవిద్యాలయం

దీన్ని త్వరగా ముగించవచ్చు గాని, తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. నేటి ఓస్లో నగరం పేరు పందొమ్మిదో శతాబ్దంలో క్రిస్టియానియా. ఆ పేరు మొదటి అక్షరాన్ని రోమన్ లిపిలో రెండు రకాలుగా రాసేవారు, తెలుగులో మాత్రం రెండూ ఒకటే అవుతాయి. ఓస్లో అన్న పేరు 1925 జనవరి 1 నుంచి వచ్చింది. 1811లో స్థాపించిన విశ్వవిద్యాలయానికి 1939 వరకు రాయల్ ఫ్రెడెరిక్ విశ్వవిద్యాలయం అని పేరు. ఆ తరువాతే అది ఓస్లో విశ్వవిద్యాలయమైంది. కాబట్టి 1930లో మరణించిన తరాంగర్ జీవితకాలంలో ఊరి పేరు మారింది, విశ్వవిద్యాలయం పేరు మారలేదు. ఆయన ఓస్లో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అని రాయకుండా, క్రిస్టియానియాలోని రాయల్ ఫ్రెడెరిక్ విశ్వవిద్యాలయంలో (నేటి ఓస్లో విశ్వవిద్యాలయం) ప్రొఫెసర్ అని ఒకసారి రాసి, ఆ తరువాత విశ్వవిద్యాలయం అంటే సరిపోతుంది.

పేర్లను తెలుగు లిపిలో రాయడం

ఆంగ్ల అక్షరాలను చూసి పలికితే నార్వేజియన్ పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. తెలుగు లిపికి ధ్వనిని దాదాపు అలాగే పట్టగల శక్తి ఉంది కాబట్టి, మనం ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి. నెత్తిన చిన్న సున్న ఉన్న ‘ఆ’ అక్షరాన్ని నార్వేజియన్‌లో దాదాపు ‘ఓ’ అని పలుకుతారు. అడ్డగీత గల ‘ఓ’ అక్షరానికి తెలుగులో సరిసమానమైనది లేదు, అందుకే లాగబోటె వంటి చోట ‘ఓ’ గుణింతంతోనే సరిపెట్టుకుంటున్నాము. మాట చివర చాలా చోట్ల ‘డ’కారం వినిపించదు, అందుకే లాండ్స్‌లోవ్ అని కాక లాన్స్‌లోవ్ అనీ, రోబ్బెర్‌స్టాడ్ అని కాక రోబ్బెర్‌స్టా అనీ రాయాలి. క్నూట్ అన్న పేరులో మొదటి ‘క’ను స్పష్టంగా పలుకుతారు, ఆంగ్లంలోలాగా మింగరు. ఒక వ్యాసంలో ఒక పద్ధతి ఎంచుకున్నాక చివరిదాకా దానికే కట్టుబడి ఉండాలి. మొదటి పేరాలో తరాంగర్ అని, మూడో పేరాలో టరాంజర్ అని రాస్తే వెతుక్కునే పాఠకుడికి ఇద్దరు మనుషులు దొరుకుతారు.

ఇంటిపేరు విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పల్లెటూరి నార్వేజియన్ పేర్లలో చివరి మాట చాలాసార్లు తండ్రి పేరునుంచో, నివసించిన వ్యవసాయ క్షేత్రం పేరునుంచో వచ్చేది. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం చెప్పింది 1923లోనే. కాబట్టి తండ్రికీ కొడుకుకూ వేర్వేరు చివరి పేర్లు కనబడితే ఆధారం తప్పని అనుకోవద్దు.

బంధుత్వాలు రాసేటప్పుడు తెలుగు మనల్ని ఆంగ్లం కంటే గట్టిగా ప్రశ్నిస్తుంది. పైన చెప్పిన ముంక్, ప్రఖ్యాత చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్‌కు ‘అంకుల్’ అని ఆంగ్ల వ్యాసాలు చెబుతాయి. తెలుగులో అది మేనమామా, బాబాయా, పెదనాన్నా? చిత్రకారుడి తండ్రి క్రిస్టియన్ ముంక్ 1817లో పుట్టారు, చరిత్రకారుడు 1810లో పుట్టారు, ఇద్దరూ అన్నదమ్ములు, కాబట్టి పెదనాన్న. ఈ ఒక్క మాట కోసం రెండు పుట్టిన సంవత్సరాలు వెతకవలసి వస్తుంది, వెతకాలి కూడా.

పుస్తకాలను వేరుచేసి చూడటం

న్యాయచరిత్రకారుడి రచనలన్నింటినీ ‘గ్రంథాలు’ అనే ఒకే గంపలో వేయడం మన పరిచయ వ్యాసాల్లో ఉన్న పెద్ద లోపం. సిద్ధాంత గ్రంథం వేరు, పాఠ్యగ్రంథం వేరు, మూలపాఠాన్ని పరిష్కరించిన సంపుటం వేరు, అనువాదం వేరు. తరాంగర్‌లో ఈ నాలుగూ ఉన్నాయి గనుకనే ఆయన మంచి ఉదాహరణ అవుతారు.

నార్వే చర్చి మీద ఆంగ్లో-సాక్సన్ చర్చి ప్రభావం గురించి ఆయన 1890లో వెలువరించిన గ్రంథం ఒక వాదం చేస్తుంది. నార్వేకు క్రైస్తవం వచ్చినప్పుడు దానితో పాటు చర్చి వ్యవస్థ నమూనా కూడా ఇంగ్లండునుంచే ఎక్కువగా వచ్చిందన్నది ఆ వాదం. దీన్ని తెలుగు పాఠకుడికి చెప్పేటప్పుడు ఒక మాటను దగ్గరగా చూపిస్తే చాలు. సువార్తకు పాత నోర్స్‌లో వాడిన గుడ్‌స్ప్యాల్ అన్న మాట, పాత ఆంగ్లంలోని గాడ్‌స్పెల్ నుంచి తీసుకున్నది. మతం ఏ దారిన వచ్చిందో ఆ మాట మీద ముద్రపడి ఉంది. మ్యూనిక్‌కు చెందిన గొప్ప న్యాయచరిత్రకారుడు కోన్రాడ్ మౌరర్ ఈ గ్రంథాన్ని పట్టించుకుని నార్వే చర్చి చరిత్ర మీద తన వ్యాఖ్యలు రాశారు. ఒక యువ పండితుడి రచనకు అంతటి పెద్దవారు జవాబు రాయడాన్ని జీవితచరిత్రలో తప్పక చెప్పాలి.

రెండోది, నార్వే న్యాయచరిత్ర స్థూల పరిచయం. 1898లో మొదలై 1907 వరకు భాగాలుగా వచ్చింది. ఇది తరగతి గదికోసం పుట్టిన పుస్తకం. ఇక్కడ ఆయనకు ముందువారిని తలచుకోవాలి: ఫ్రెడ్రిక్ బ్రాంట్ (1825–1891) నార్వే న్యాయచరిత్ర మీద చేసిన ఉపన్యాసాలు 1880ల మొదట్లో అచ్చయ్యాయి. ఎవరి పాఠం మీద ఎవరు తమ పాఠం కట్టుకున్నారో చెబితే, ఒక శాస్త్రశాఖ ఎలా పెరిగిందో కూడా పాఠకుడికి తెలుస్తుంది.

అనువాదం గురించి నేను ఎక్కువ చోటు కేటాయించమంటాను. 1915లో తరాంగర్ మాగ్నుస్ రాజు దేశచట్టాన్ని తమ కాలపు నార్వేజియన్‌లోకి తెచ్చారు. 1604 నాటి డేనిష్ రూపం రాజు ఆజ్ఞతో వచ్చిన చట్టం. 1915 నాటిది ఒక పండితుడి చదువు. న్యాయస్థానంలో దానికి అధికారం లేదు, కానీ నార్వేజియన్ చదవగల ఎవరైనా ఆనాటి నుంచి ఆ సంహితను తమ భాషలో చదువుకోగలిగారు. ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పని వ్యాసం నా దృష్టిలో అసంపూర్తి.

పోల్చి చూపడానికి క్నూట్ రోబ్బెర్‌స్టా (1899–1981) పనికొస్తారు. ఓస్లోలో న్యాయచరిత్ర బోధించిన ఈ ఆచార్యుడు 1937లో గూలటింగ్ చట్టాన్ని నీనోర్స్క్‌లోకి అనువదించారు. నార్వేజియన్‌కు రెండు లిఖిత రూపాలున్నాయి. డేనిష్ వారసత్వంనుంచి వచ్చిన బోక్‌మోల్ ఒకటి, పల్లె మాండలికాల ఆధారంగా కట్టిన నీనోర్స్క్ రెండోది. రోబ్బెర్‌స్టా రెండోదానికి గట్టి పక్షపాతి. పడమటి తీరపు పాత చట్టాన్ని ఆ తీరపు మాండలికాలకు దగ్గరగా ఉన్న భాషలోకి తేవడంలో ఆయన భాషాభిమానమూ పాండిత్యమూ ఒకచోట కలుస్తాయి. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు చూసిన తెలుగువారికి ఇది సులభంగానే అర్థమవుతుంది, కానీ రెండూ ఒకటే అన్నట్టు రాయకూడదు. అక్కడి వాదంలో నాలుగు వందల ఏళ్ల డేనిష్ పాలన బరువు ఉంది.

వీలైతే మూలపాఠంలోని ఒక వాక్యాన్ని తెలుగులో ఇవ్వాలి. గూలటింగ్ చట్టం ‘మన చట్టాల్లో మొట్టమొదటిది మనం తూర్పుకు వంగి నమస్కరించి, పంటలకూ శాంతికీ క్రీస్తును ప్రార్థించడం’ అన్న అర్థంగల మాటలతో మొదలవుతుంది. శిక్షలూ జరిమానాలూ చెప్పే పుస్తకం తూర్పు వైపు నమస్కారంతో మొదలవడం చూశాక, ఆచార్యుడు జీవితమంతా దేనితో గడిపారో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు.

పారిభాషిక పదాలు

యంత్రానువాదం మీద ఆధారపడేవారు ఈ రంగంలో అడుగడుగునా జాగ్రత్త పడాలి. ‘రెట్’ అన్న నార్వేజియన్ మాటకు న్యాయం, హక్కు, న్యాయస్థానం, వంటకం, తిన్ననైన అని సందర్భాన్ని బట్టి అర్థాలున్నాయి. ‘లోవ్’ అంటే చట్టమూ కావచ్చు, అనుమతీ కావచ్చు. ‘టింగ్’ అంటే సభ, వస్తువు రెండూ. బ్రాంట్ రాసిన టింగ్స్‌రెట్టెన్ అనే గ్రంథం పేరును సభల చట్టం అని అనువదించాలనిపిస్తుంది. నిజానికి అది ఆస్తి హక్కుల శాస్త్రం. అదే ‘టింగ్‌రెట్’ అని మధ్యలో ఒక్క సకారం లేకుండా రాస్తే నేటి నార్వేలో అది జిల్లా స్థాయి న్యాయస్థానం. ఒక అక్షరంతో పుస్తకం న్యాయస్థానమైపోతుంది. అందుకే గ్రంథం పేరును అనువదించే ముందు దాని విషయసూచికను చూడటం నియమంగా పెట్టుకోవాలి.

అన్నింటికంటే కష్టమైన మాట ‘ఓడెల్’. నార్వే న్యాయచరిత్రకారుల్లో దీని జోలికి పోనివారు అరుదు. కుటుంబంలో చాలాకాలం ఉన్న వ్యవసాయ భూమి బయటివారికి అమ్ముడుపోతే, ఆ వంశంవారు వెల చెల్లించి దాన్ని తిరిగి తీసుకోగల హక్కు ఇది. దేశచట్టం ప్రకారం భూమి 60 ఏళ్లు వంశంలో ఉంటే ఓడెల్ అయ్యేది. 1974లో వచ్చిన నేటి చట్టం ప్రకారం 20 ఏళ్లు చాలు. 1814 రాజ్యాంగం 107వ అధికరణం (2014 నుంచి 117వది) ఈ హక్కును రద్దుచేయరాదని చెబుతుంది. దీన్ని మనవారు చటుక్కున పిత్రార్జితం అని అనువదిస్తారు. అది సరికాదు. మన ప్రాంతాల్లో నడిచిన మితాక్షర అనే హిందూ వారసత్వ పద్ధతిలో పిత్రార్జితంలో కొడుక్కు పుట్టుకతోనే వాటా ఉంటుంది. ఓడెల్ భూమికి మాత్రం యజమాని ఒక్కరే. బంధువులకు ఉన్నది వాటా కాదు, విడిపించుకునే హక్కు. దానికి తోడుగా ఉండే ‘ఓసెటెస్‌రెట్’ వారసుల్లో ఒకరు పొలాన్ని ముక్కలు కాకుండా మొత్తంగా తీసుకునే హక్కు. అది పంపకానికి పూర్తిగా ఎదురుదిక్కు. కాబట్టి ఓడెల్ హక్కు అని మూలపదాన్నే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించడం ఉత్తమం.

ఆధారాలను తూచడం

నార్వే ఈ విషయంలో ఉదారమైన దేశం. నార్వే జీవితచరిత్ర నిఘంటువు మొదటి కూర్పు 1923 నుంచి 1983 వరకు, రెండో కూర్పు 1999 నుంచి 2005 వరకు వెలువడ్డాయి. రెండో కూర్పు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. జాతీయ గ్రంథాలయం పాత పుస్తకాలను పుటపుటా అందుబాటులో ఉంచింది. అక్కడ రచయిత మరణించిన 70 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి కాబట్టి తరాంగర్ రచనలు ఇప్పుడు స్వేచ్ఛగా చదువుకోవచ్చు. రోబ్బెర్‌స్టా రచనలకు ఇంకా ఆ స్వేచ్ఛ రాలేదు. చర్చి రిజిస్టర్లు, 1865, 1875, 1900, 1910 జనాభా లెక్కల పత్రాలు నార్వే డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పుట్టిన ఊరు, తండ్రి వృత్తి అక్కడే సరిచూసుకోవచ్చు.

నాకు బాగా ఇష్టమైన ఆధారం మరొకటి ఉంది. ఒకే ఏడాది విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు, 25 ఏళ్లకూ 50 ఏళ్లకూ కలిసి, తమ జీవితాల గురించి తామే క్లుప్తంగా రాసుకున్న స్మారక సంపుటాలు అక్కడ వెలువడేవి. ఒక పండితుడు తన గురించి తాను ఏం చెప్పుకోదలచుకున్నారో, ఏం వదిలేశారో వాటిలో కనబడుతుంది. సంస్మరణ వ్యాసాల్లో పొగడ్త ఎక్కువ, కానీ పదవుల తేదీలకు అవి పనికొస్తాయి. పండితుడి సంపాదక పీఠికలు అన్నింటికంటే నమ్మదగినవి. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నారో, అది కోపెన్‌హాగెన్‌లో ఉందో ఓస్లోలో ఉందో, ఏ పాఠాంతరం దగ్గర ఆగి ఆలోచించారో ఆయనే చెబుతారు. నార్వే పాత చట్టాల రాతప్రతుల్లో చాలావరకు డెన్మార్క్ రాజధానిలోనే ఉండిపోయాయన్న సంగతి కూడా ఆ పీఠికలు చదివితేనే మనసుకు తగులుతుంది.

ఆధారాలు రెండు వేర్వేరు తేదీలు చెప్పినప్పుడు, నియామకం జరిగిన ఏడాది ఒకటి, పదవి చేపట్టిన ఏడాది ఒకటి అయివుండవచ్చు. గ్రంథం భాగాలుగా వచ్చినప్పుడు మొదటి భాగం తేదీ ఒకటి, పూర్తయిన తేదీ ఇంకొకటి. ముఖపత్రం చూసి తేల్చుకోలేకపోతే ఆ తేదీని వదిలేయాలి.

మొదటి వాక్యం

ఇంత సిద్ధం చేసుకున్నాక వ్యాసం మొదటి పేరా తనంతట తానే కుదురుతుంది. తరాంగర్‌కు నేను ఇలా రాస్తాను: “అబ్సలోన్ తరాంగర్ (1858–1930) నార్వే న్యాయచరిత్రకారుడు, క్రిస్టియానియాలోని రాయల్ ఫ్రెడెరిక్ విశ్వవిద్యాలయంలో (నేటి ఓస్లో విశ్వవిద్యాలయం) ప్రొఫెసర్. 1274 నాటి దేశచట్టాన్ని 1915లో తమ కాలపు నార్వేజియన్‌లోకి అనువదించారు. నార్వే చర్చి వ్యవస్థకు మూలం ఇంగ్లండులో ఉందని 1890లో వాదించారు. 1388 తరువాతి నార్వే చట్టాల ప్రచురణలో సంపాదకులుగా పనిచేశారు.” పుట్టిన ఊరు, చదువు, కుటుంబం రెండో పేరాకు వెళ్తాయి, వాటిని రిజిస్టరులో కళ్లారా చూసిన తరువాతే రాయాలి.

పూర్తయిన వ్యాసాన్ని న్యాయవాద వృత్తిలో ఉన్న ఒకరిచేత ఒకసారి చదివించి, ఓడెల్ గురించి రాసిన వాక్యం దగ్గర ఆపి, దీన్ని బట్టి నీకు ఏం అర్థమైందని అడగాలి. పిత్రార్జితం లాంటిదే కదా అని జవాబు వస్తే, ఆ వాక్యాన్ని మళ్లీ రాయాలి.